అద్దెయింటి ధరావతు ఎవరి సొమ్ము?

అప్పు తీసికొని యెగవేసినవానిని లోకము మోసగాడనును. దాచుమని యిచ్చిన నగను మరల నియ్యనివానిని దొంగ యనును. కాని అద్దెయిల్లు ఖాళీచేసి తాళపుచెవి యప్పగించిన కుటుంబమునకు రావలసిన ధరావతును నెలల తరబడి త్రిప్పి, తుదకు సగమిచ్చి, ఆ సగమును తన దయగా చెప్పుకొనువానికి మన భాషలో నింకను పేరు పుట్టలేదు. పేరు లేని తప్పు తప్పుగా తోచదు. ఆ కారణముచేతనే మర్యాదస్థులు సైత మీ పనిని సంకోచము లేక చేయుచున్నారు. ఈ ధరావతు ఎవరి సొమ్ము, ఇది మన దేశమున నెట్లు వచ్చినది, దీనిని గుఱించి ధర్మశాస్త్రములును రాజశాసనములును ఏమి చెప్పినవి అను విషయమును చదువరుల ముందుంచుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది మా యింటి యనుభవమే. కొన్ని సంవత్సరముల క్రిందట మాకు తెనాలినుండి రేపల్లెకు బదిలీ యయ్యెను. తెనాలిలో మేము నాలుగేండ్లు కాపురమున్న యిల్లు ఒక దలారి మూలమున దొరకినది. అద్దె నెలకు 6,000 రూపాయలు. ధరావతు మూడు నెలల యద్దె, అనగా 18,000 రూపాయలు. ఇల్లు విడుచునాడు యజమానిని సొమ్మడుగగా, “మాస్టారూ, మీరు డబ్బు కట్టింది దలారికి గదా, ఆయన్ని అడగండి” అనెను. దలారి నడుగగా, “అదంతా యజమానిగారి దగ్గరే ఉందండీ, నాదేముంది” అనెను. రేపల్లెలో క్రొత్త యింటికి మరల ధరావతు కట్టవలసియుండెను. తెనాలి సొమ్ము చేతికి రాలేదు. మా గృహిణి తన గాజులు రెండు తాకట్టు పెట్టి ఆ గండము గడపెను. ఆ గాజులు ఇంటికి వచ్చుటకు అయిదు నెలలు పట్టెను. ఆ యయిదు నెలలలో మేము చదివినదియు, తెలిసికొన్నదియు క్రింద వ్రాయుచున్నాము.

మొదట మాటల తారుమారును సరిచేసికొనవలెను. మన పట్టణములలో ‘అడ్వాన్సు’ అను నొక్క మాటతో మూడు వేఱువేఱు సొమ్ములను పిలుచుచున్నారు. బేరము కుదిరినదనుటకు గుర్తుగా ఇచ్చునది బయానా. బేరము నెఱవేఱినపుడది వెలలో కలిసిపోవును. రాబోవు నెలకు ముందుగా చెల్లించునది ముందద్దె. ఆ నెల గడచుటతోనే యది యజమాని సొంతమగును. ఇంటికి నష్టము కలిగినను, అద్దె బాకీ పడినను పూచీగా నుండుటకై యప్పగించునది ధరావతు. ఇది వెలయును గాదు, అద్దెయును గాదు. ఇల్లు విడుచునాడు లెక్క చూచి తిరిగి యియ్యవలసిన సొమ్మది. మూడింటికిని ఒక్క పేరు పెట్టుటచే, మూడవదానిని మొదటి రెండింటివలె తమ యాదాయముగా భావించుట యజమానులకును, దలారులకును అలవాటయ్యెను. మా తగవులో సగము ఈ మాటలో నున్నదని మేము తెలిసికొంటిమి.

ప్రాచీనులు అద్దెను గుఱించి యేమనిరో చూతము. కౌటిల్యుని యర్థశాస్త్రముయొక్క మూడవ యధికరణమున, ఇండ్లును నేలలును గుఱించిన ప్రకరణములో అద్దెకు ‘అవక్రయ’మని పేరు కలదు. పొమ్మనినను పోక యింటనుండువానికిని, అద్దె చెల్లించువానిని వెడలగొట్టు యజమానికిని ఆ గ్రంథము సమానముగా దండన విధించినది. పరుషముగా వర్తించినవాడు, దొంగతనమో దౌర్జన్యమో చేసినవాడు మొదలగువారి విషయమున మాత్రము మినహాయింపు కలదు. తనంతట తాను మధ్యలో విడిచిపోవువాడు ఆ సంవత్సరపు మిగిలిన యద్దె నియ్యవలెననియు అందున్నది. నారదస్మృతి మఱియొక విశేషము చెప్పినది. పరుల నేలమీద అద్దె చెల్లించుచు ఇల్లు కట్టుకొన్నవాడు, విడిచిపోవునపుడు కప్పును, కొయ్యను, ఇటుకలను తనతో గొనిపోవచ్చును. అద్దె యియ్యక, యజమాని యిష్టమునకు విరుద్ధముగా నున్నవానికి ఆ హక్కు లేదు. ఎవరిది వారికి చెందవలెను, ఉన్నందుకు మాత్రము వెల యియ్యవలెను అను న్యాయ మిందు స్పష్టముగా నున్నది.

ఈ ప్రకరణములలో ధరావతు మాట లేదు. కాని దాని స్వభావమునకు సరిపోవు వేఱొక యధ్యాయము కలదు, అది నిక్షేపము. మనుస్మృతి లెక్కించిన పదునెనిమిది వివాదపదములలో మొదటిది అప్పు, రెండవది నిక్షేపము. ఒకనిని నమ్మి అప్పగించిన సొమ్ము ఏ విధముగా నిచ్చిరో ఆ విధముగనే మరల పొందవలెననునది దాని సారము. అంతేకాదు. నిక్షేపమును తిరిగి యియ్యనివానిని, ఇయ్యకయే యిచ్చితినని యడుగువానిని, ఇరువురను దొంగలవలె శిక్షింపుమని ఆ స్మృతి చెప్పినది. మనుస్మృతిలోని వర్ణభేద నియమములను మేము సమర్థించువారము కాము. అవి తొలగిపోవుట దేశమునకు మేలే. కాని యీ యొక్క సూత్రము ఇరుపక్షములకును సమానమైన న్యాయము గనుక గ్రహింపదగినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయ’మను పేర తెనిగించెను. సంస్కృతము రాని తెలుగువారికి వ్యవహారధర్మము తెలియవలెనని ఏడువందల యేండ్ల క్రిందటనే యొక తెలుగుకవి తలచెననుట మనకు గర్వకారణము. నేడు అద్దె కరారునామాలు తెలుగు కుటుంబములకు తెలియని యింగ్లీషులో వ్రాయబడుచుండుట మాత్రము గర్వకారణము గాదు.

పూర్వము ధరావతు అవసరమైన సందర్భము లరుదుగా నుండెడివని యూహింపవచ్చును. బంధువునకో, ఊరివానికో ఇల్లిచ్చునపుడు మాటయే పూచీ. తెలియనివాని కిచ్చునపుడు సొమ్ము పూచీ. కనుక తెలియనివారు వచ్చి నివసించు పట్టణములు పెరుగుటతో ధరావతు చరిత్ర ముడిపడియున్నది. మన సీమలో ఆ పెరుగుదల కండ్లకు కట్టినట్లు కనబడును. 1855వ సంవత్సరమునాటికి కృష్ణపై బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసెను. కాలువ నీటితో డెల్టా వరిపొలమయ్యెను. 1899లో బెజవాడను మదరాసుతో కలుపు రైలుమార్గము పూర్తియయ్యెను. తెనాలి, బాపట్ల యా మార్గములోనివి. 1916లో గుంటూరునుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు వచ్చెను. ధాన్యపు వర్తకులు, మిల్లు గుమాస్తాలు, రైలు ఉద్యోగులు, వకీళ్లు, ఉపాధ్యాయులు ఈ పట్టణములకు చేరిరి. తెనాలికి 1909లోనే పురపాలక సంఘ మేర్పడెను. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన బాపట్లకు 1945లో వ్యవసాయ కళాశాల వచ్చెను. 1981లో ఇంజనీరింగు కళాశాల వచ్చెను. ఊరూరినుండి విద్యార్థులు వచ్చి గదులు పుచ్చుకొనిరి. యజమాని యెవరో అద్దెదారునకు తెలియదు. అద్దెదారు డెవరో యజమానికి తెలియదు. ఇద్దఱి నడుమ దలారి ప్రవేశించెను.

ఇక శాసనముల సంగతి. 1872నాటి కంట్రాక్టు చట్టమును, 1882నాటి ఆస్తి బదలాయింపు చట్టమును ఈ విషయమునకు పునాదులు. రెండవ చట్టములో కౌలునకు ప్రీమియమనియు, అద్దె యనియు రెండు విధములైన ప్రతిఫలములు చెప్పబడినవి. ధరావతును ప్రత్యేకముగా పేర్కొనలేదు. కాని 108వ సెక్షనులో మనకు మిక్కిలి యుపయోగకరమైన నియమ మొకటి యున్నది. అద్దెదారు డిల్లు పుచ్చుకొన్నపు డెట్లుండెనో యట్లే యుంచి అప్పగించవలెను. అయితే న్యాయమైన వాడుకచేత కలిగిన యరుగుదలకును, మనుష్యునిచే నడ్డగింపరాని శక్తివలన కలిగిన మార్పునకును అతడు బాధ్యుడు కాడు. నాలుగేండ్లలో గోడ వన్నె తగ్గుట అరుగుదల. మేకు కొట్టి గోడ పగులగొట్టుట అరుగుదల గాదు. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపానువంటి దానిలో పెంకు లెగిరిపోయిన, దానికి ధరావతులో కోత విధించుట న్యాయము గాదు. రేపల్లె తీరమున నివసించువారికీ వాక్యముయొక్క విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. కంట్రాక్టు చట్టములోని 74వ సెక్షను కూడ గమనింపదగినది. కరారు తప్పినచో నింత మొత్తము పోవునని వ్రాసికొన్నను, న్యాయమైన నష్టపరిహారము మాత్రమే లభించును. వ్రాసిన మొత్తము దానికి గరిష్ఠపరిమితియే గాని, తప్పక చెల్లవలసినది గాదు.

పదునొకండు నెలల కరారులు కూడ శాసనమునుండి పుట్టిన యాచారమే. 1908నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన కౌలు రిజిస్టరు చేయవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకై పదునొకండు నెలలని వ్రాసికొనుట దేశమంతట వ్యాపించినది. కరారు చిన్నదైనను ధరావతు మాత్రము పెద్దదగుచు వచ్చినది.

యుద్ధకాలము అద్దె చరిత్రమున క్రొత్త ఘట్టము. మొదటి మహాయుద్ధమున స్కాట్లండులోని గ్లాస్గో నగరమున, పురుషులు యుద్ధరంగమునకు పోగా అద్దెలు పెంచిన యజమానులను స్త్రీలు సంఘటితులై యెదిరించిరి. ఆ యలజడి ఫలితముగా 1915లో బ్రిటిషు పార్లమెంటు అద్దె పెంపు నరికట్టు చట్టము చేసెను. అద్దెపైని ప్రీమియమో, అట్టి మఱియే మొత్తమో అడుగరాదని అందు విధించిరి. 1918లో బొంబాయి ఆ దారిని నడచెను. రెండవ మహాయుద్ధకాలమున, 1941లో, మదరాసు ప్రభుత్వము దేశరక్షణ నిబంధనల క్రింద ఇంటి అద్దె నియంత్రణపుటుత్తరువు చేసెను. తరువాత 1946లోను, 1949లోను మదరాసు చట్టములు వచ్చెను. తెలంగాణమున 1954నాటి హైదరాబాదు చట్టము వేఱుగా నుండెను. రెండు ప్రాంతములు కలిసిన పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల కౌలు, అద్దె, ఖాళీ చేయించుట నియంత్రణ చట్టము ఏర్పడెను. అది హైదరాబాదు, సికిందరాబాదు నగరములకును, పురపాలక సంఘము లున్న పట్టణములకును వర్తించెను. అప్పటికి తెనాలితోపాటు బాపట్ల, రేపల్లెలును పురపాలక సంఘములు గల పట్టణములే. చుట్టుప్రక్కల పల్లెలకు అది తనంతట తాను వర్తింపలేదు.

ఈ 1960 చట్టముయొక్క 7వ సెక్షను గ్లాస్గో స్త్రీల పోరాటమునకు దూరపు మనుమరాలని చెప్పవచ్చును. అద్దెపై ప్రీమియము గాని, అట్టి మఱియే మొత్తము గాని అడుగరాదు, పుచ్చుకొనరాదు. అడ్వాన్సుగా ఒక నెల యద్దెకు మించి తీసికొనరాదు. మించి తీసికొన్నది తిరిగి యియ్యవలెను, లేదా చెల్లించినవాడు కోరినచో అద్దెలో సరిపెట్టవలెను. దీనికి విరుద్ధముగా వ్రాసికొన్న షరతు చెల్లదు. ఇంతకన్న స్పష్టముగా నే శాసనము చెప్పగలదు? అయినను మూడు నెలల ధరావతు, ఆఱు నెలల ధరావతు మన పట్టణములలో సాగుచునే యుండెను. ఇల్లు కావలసినవాడు ఫిర్యాదు చేయడు. ఇల్లు విడిచినవానికి తీరిక యుండదు.

న్యాయస్థానము లీ దౌర్బల్యమును గ్రహింపకపోలేదు. నెల్లూరు సీమలోని గూడూరున నొక హోటలువారికిని భవన యజమానులకును కలిగిన తగవు సుప్రీముకోర్టువఱకు పోయి 1989లో తీర్పు పొందెను. అద్దె బాకీ పడినదని ఖాళీ చేయింపబోగా, ఒక నెల యద్దెకు మించి పుచ్చుకొన్న అడ్వాన్సు యజమాని చేతిలోనే యున్నపుడు అద్దెదారుని ఎగవేతదారుడనుట చెల్లదని తీర్పు వచ్చెను. అంతకుముందు 1986లో బీహారునుండి వచ్చిన యొక తగవులోను కోర్టు ఇట్టి న్యాయమునే చెప్పెను. నిషిద్ధమైన సొమ్ము నిచ్చినవాడును తప్పుచేసినవాడే గదా యను వాదమును త్రోసిపుచ్చి, ఇల్లు దొరకక తల యొగ్గినవానిని, ఆ యవసరమును వాడుకొన్నవానిని ఒకే త్రాసున తూచరాదని తలచెను.

ఇంత మంచి చట్టము మాకెందుకు తోడ్పడలేదని చదువరు లడుగవచ్చును. దానికిని చరిత్రమే సమాధానము. 1957 ఆగస్టు 26వ తేదీ మొదలు కట్టిన భవనములకు ఆ చట్టము వర్తింపదని 1960లోనే మినహాయింపు నిచ్చిరి. క్రొత్త యిండ్లు కట్టువారికి ప్రోత్సాహమని దాని యుద్దేశము. ఇరువది యేండ్లు గడచినను ఆ మినహాయింపు తొలగకపోగా, సమానతకు విరుద్ధమని 1983 అక్టోబరు 26వ తేదీన సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. ఆ సంవత్సరము ముగియకముందే ప్రభుత్వము, నెలకు 1,000 రూపాయలకు మించిన యద్దె గల భవనములను మినహాయించుచు ఉత్తరువు చేసెను. 2005లో చట్టమునే సవరించి, కార్పొరేషనులలో 3,500 రూపాయలకు, ఇతర పట్టణములలో 2,000 రూపాయలకు మించిన యద్దె గల భవనములను దాని పరిధినుండి తప్పించిరి. రూపాయి విలువ యేటేట తగ్గుచుండగా, అంకె మాత్రము కదలక నిలిచెను. మా 6,000 రూపాయల యద్దె ధనవంతుని యద్దె గాదు, సామాన్యోపాధ్యాయుని యద్దె. అయినను మేము ఆ గీతకు ఆవల పడితిమి. గొడుగు చినుగలేదు, మన తలలమీదినుండి మెల్లగా తొలగింపబడినది.

2021 జూనులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన నమూనా కిరాయి చట్టము నివాసగృహములకు రెండు నెలల యద్దెకు, ఇతర భవనములకు ఆఱు నెలల యద్దెకు ధరావతు మించరాదనియు, ఇల్లు స్వాధీనము చేసికొనునపుడే న్యాయమైన కోతలు పోగా మిగిలినది యియ్యవలెననియు సూచించెను. అది నమూనా మాత్రమే. రాష్ట్రములు చట్టముగా చేసికొన్నగాని ప్రజలకు హక్కు కాదు.

ఇతర దేశము లింకొక యడుగు వేసినవి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సు 1977లోనే ధరావతును యజమాని చేతినుండి తీసి ప్రభుత్వ సంస్థయొద్ద నుంచునట్లు శాసించెను. ఇంగ్లాండులో 2004నాటి గృహచట్టము ననుసరించి 2007 ఏప్రిలునుండి ధరావతును ఆమోదిత పథకములో రక్షింపవలెను. అట్లు చేయని యజమాని ధరావతునకు మూడింతలవఱకు చెల్లింపవలసి రావచ్చును. కోతలపై తగవు వచ్చినచో కోర్టునకు పోకయే తీర్చుటకు ఏర్పాటు కలదు. మన గుంటూరు, బాపట్ల జిల్లాలనుండి చదువునకు పోయిన పిల్లలు అక్కడి యద్దె గదుల కట్టి రక్షణ పొందుచుండగా, వారి తలిదండ్రులు తెనాలిలో దలారి గుమ్మము త్రొక్కుచున్నారు! పరదేశపు వేషమును త్వరగా నేర్చుకొన్న మనము పరదేశపు నిక్షేపధర్మమును నేర్చుకొనకుండుట విచిత్రము. ఏలనన నది మన ధర్మమే.

ఇక మా సంగతి ముగింతుము. మమ్ము కాపాడినది చట్టజ్ఞానముకన్న ముందు మా గృహిణియొక్క లెక్కపుస్తకము. ధరావతు చెల్లించిన తేదీయు మొత్తమును అందు వ్రాసియుండెను; యజమాని తరఫున పుచ్చుకొంటినని దలారి వ్రాసి సంతకము చేసిన చీటియు ఆ పుటలోనే యుండెను. దలారి యజమానికి ప్రతినిధి. ప్రతినిధి చేసిన పనికి యజమాని బాధ్యుడని కంట్రాక్టు చట్టము 226వ సెక్షనులో నున్నది. ప్రతినిధి తాను పుచ్చుకొన్నది యజమానికి అప్పగింపవలెనని 218వ సెక్షనులో నున్నది. కనుక వారిద్దఱి లెక్క వారు చూచుకొనవలెను గాని, మమ్ము బంతివలె నటునిటు విసరరాదు. ఈ సంగతి మర్యాదగా తెలుగులో వ్రాసి, చీటి నకలు జతచేసి, రిజిస్టరు తపాలాలో పంపితిమి. పదునైదు దినములలో యజమాని మమ్ము పిలిపించెను. రెండు నెలల మొత్తమే తనకు చేరినదనియు, మూడవది దలారియొద్దనే నిలిచినదనియు అప్పుడు బయటపడెను. ఆయన వెల్లవేయుటకు, కొళాయికి, పగిలిన కిటికీ అద్దమునకు కోతలు చెప్పెను. వెల్లయు కొళాయియు అరుగుదల యని మేమంటిమి. అద్దము మాత్రము మా కుమారుని బంతి పగులగొట్టినదే, ఒప్పుకొంటిమి. 600 రూపాయలు పోగా 17,400 రూపాయలు చేతికి వచ్చెను. గాజులు విడిపించితిమి. వాటికి కట్టిన వడ్డీ మాత్రము ఎవ్వరును తిరిగి యియ్యలేదు.

ఈ విషయమున అద్దెదారులందఱు నిర్దోషులని మేము చెప్పము. కడపటి మూడు నెలల యద్దె యెగవేసి ధరావతులో సరిపెట్టుకొమ్మనువారును, కరెంటు బిల్లు నిలిపి రాత్రికి రాత్రి బండి కట్టువారును కలరు. వారివలన దెబ్బతిన్న యజమానియే తరువాత వచ్చువానిని అనుమానించును. ఇయ్యనివానికిని, ఇయ్యక యడుగువానికిని ఒకటే దండన యన్న ప్రాచీనవాక్యమును ఇరుపక్షములును స్మరింపవలెను.

కావున గృహస్థులకు మా మనవి యిది. ధరావతు నిచ్చునాడే, అది ధరావతని స్పష్టముగా వ్రాసి, యజమాని సంతకముతో రసీదు పుచ్చుకొనుడు. దలారికి చెల్లించినచో ఎవరి తరఫున పుచ్చుకొనెనో వ్రాయించుడు. నేడు ఫోను మూలమున సొమ్ము పంపుట సులభము గనుక సాధ్యమైనంతవఱకు యజమాని ఖాతాకే పంపుడు. ఇల్లు చేరునాడు గోడలు, తలుపులు, కొళాయిలు ఎట్లున్నవో ఇద్దఱును కలిసి చూచి, పట్టీ వ్రాసి, ఫొటోలు తీసియుంచుడు. విడుచునాడు అదే పట్టీ చేతబట్టి మరల చూడుడు. ముందుగా వ్రాతమూలకమైన నోటీసు నిండు. తగవు తెగనిచో న్యాయసేవా సంస్థ నాశ్రయింపవచ్చును. 1987నాటి చట్టము క్రింద లోక్ అదాలతులో రాజీ యయినచో ఆ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. సొమ్ము రాబట్టు దావాకు సామాన్యముగా మూడేండ్లే గడువు గనుక ఆలస్యము చేయరాదు. అన్నింటికన్న ముఖ్యముగా, ఇంటి లెక్క వ్రాయుట ఆడుపిల్లలకును, మగపిల్లలకును నేర్పుడు.

యజమానులకును ఒక మాట. మీరు పుచ్చుకొన్న ధరావతు మీ సొమ్ము గాదు. మీ యింట దాచిన పరుల సొమ్ము. ఇల్లు ఖాళీచేసిన కుటుంబము బండిమీద సామానెక్కించి మీ గుమ్మమున నిలిచినపుడు, లోనికి పోయి ఆ సొమ్ము తెచ్చి వారి చేతిలో పెట్టుడు. ఆనాడు ఇంకొక యూరిలో ఇంకొక యిల్లాలి గాజులు ఆమె చేతులకే యుండును.